లైసెన్సు మీద లేని పేరు

అవ్వ చనిపోయిన మూడో రోజు ఉదయం పదిన్నరకు నేనూ, ఆమె తమ్ముడి కొడుకూ మరణం నమోదు చేయించడానికి ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తాకు పాతికేళ్ళు కూడా ఉండవు. పేరు, వయసు, తండ్రి పేరు వరసగా గడుల్లో నింపుకుంటూ వచ్చి వృత్తి దగ్గర ఆగాడు.

"ఏం పని చేసేది?"

"ఇంట్లోనే ఉండేది," అన్నాడు తమ్ముడి కొడుకు.

గుమాస్తా 'ఏమీ లేదు' అని రాయబోతుంటే నేను కాగితం మీద చేయి పెట్టాను. "అది రాయకు. ఆమె పదహారేళ్ళ ఆరు నెలలు పిల్లల్ని చూసుకునే చోటు నడిపింది. పిటాన్ ఊళ్ళో, చెరకు కోతకు పోయే ఆడవాళ్ళ పిల్లల్ని."

"క్రెష్ లాంటిదా, టాంటీ?"

"లాంటిది కాదు. క్రెషే."

"లైసెన్సు ఉండేదా?"

"ఉండేది."

"ఆమె పేరు మీదేనా?"

నేను కాగితం మీంచి చేయి తీసేశాను. అతను రాయదలచుకున్నది రాసి, ముద్ర వేసి, తర్వాతి వాళ్ళను పిలిచాడు.

ఆ లైసెన్సు ఎవరి పేరు మీద ఉండేదో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. అది నా పేరు. ఇంటికి వచ్చాక మూడు రోజులు కోపంతో నా చేతి వంట నాకే మింగుడు పడలేదు. నాలుగో రోజు ఇది రాయడానికి కూర్చున్నాను.

ముందు ఒక అబద్ధాన్ని కొట్టేయాలి. గుడిలో భజన అయిపోయాక ఒక పెద్దమనిషి లేచి, ఆమెకు పిల్లలంటే ప్రాణమని చెప్పాడు. అందరూ తలలూపారు. అతను ఆమెను జీవితంలో మూడుసార్లు చూసి ఉంటాడు. అవ్వకు పిల్లలంటే ప్రాణం కాదు. ఆమె ఒక పిల్లను ముద్దు పెట్టుకోవడం గానీ, బంగారు తల్లీ అనడం గానీ నేను చూడలేదు. అడిగితే ఒకటే మాట అనేది: "ముద్దులు తల్లి పెట్టుకుంటుంది. నేను లెక్క పెడతాను."

లెక్క అంటే లెక్కే. రోజుకు ఐదుసార్లు. పిల్లలు వచ్చాక, గంజి తాగాక, మధ్యాహ్నం మిల్లు కూత వేసినప్పుడు, నిద్ర లేచాక, తల్లులు తీసుకుపోయే ముందు. ఒక్కొక్క నడినెత్తి మీద బొటనవేలు ఆనించి తెలుగులో ఒకటి, రెండు అనుకుంటూ పోయేది. ఆమెకు లెక్క ఇరవై దాకానే వచ్చు. అందుకే ఇరవై దాటి పిల్లల్ని ఎన్నడూ తీసుకోలేదు. ఇరవై ఒకటో తల్లి గుమ్మంలో నిలబడి బతిమాలితే, "నాకు రాని అంకె నీ బిడ్డకు పెట్టమంటావా" అని పంపేసేది.

నలభై ఏళ్ళకే ఆమె అందరికీ అవ్వ. నాకంటే పదిహేడేళ్ళు పెద్ద. ఆమె నన్ను పంతులమ్మా అనేది, ఎందుకంటే నేను పగలు బడిలోనూ, బుధ శనివారాల్లో సాయంత్రం గుడి పక్క గదిలోనూ తెలుగు చెప్పేదాన్ని.

మా దీవిలో చెరకు కోత కాలంలో ఆడవాళ్ళు నాలుగున్నరకే పిల్లల్ని తెచ్చేవారు. అవ్వ గుమ్మంలోనే నిలబడేది. బిడ్డను అందుకునే ముందు మెడ వెనక ముక్కు ఆనించి వాసన చూసేది. జ్వరం వచ్చేదీ, వచ్చి పోయిందీ, రాబోయేదీ ఆమెకు ఆ వాసనలోనే తెలిసిపోయేవి. జ్వరం ఉంటే లోపలికి రానిచ్చేది కాదు. ఆ విషయంలో ఆమె ఎంత కఠినంగా ఉండేదో తర్వాత వచ్చిన ఏ అధికారీ అంత ఉండలేదు.

ఒకసారి నేను అక్కడే ఉన్నాను. ఒక తల్లి, మెడకు గోనెపట్టా కట్టుకుని, కొడవలి నడుముకు దోపుకుని, బిడ్డను చాపింది. అవ్వ వాసన చూసి వెనక్కి ఇచ్చేసింది.

"కొంచెం వెచ్చగా ఉంది అంతే అవ్వా. జోర్దీ, ఇవాళ పోకపోతే కూలీల సర్దారు నా పేరు కొట్టేస్తాడు."

"నీ ఒక్కదాని పేరు కోసం పద్దెనిమిది మందికి జరం అంటించనా?"

"మరి నేనేం చెయ్యను?"

"ఇంట్లో కూచో. కూచుని నన్ను తిట్టు."

ఆమె వీధి చివరిదాకా తిట్టుకుంటూనే పోయింది. మూడో రోజు బిడ్డతో పాటు ఒక గుమ్మడికాయ కూడా పట్టుకొచ్చింది. అవ్వ బిడ్డ మెడ వాసన చూసి లోపలికి తీసుకుంది. గుమ్మడికాయ కూడా వాసన చూసి తీసుకుంది. "తిట్లు బాగానే తిట్టావు. మీ అత్తకు దాచుకున్నవి కూడా నాకే వేశావు," అంది.

ఇంకో మాట ఆమెది. ఏ బిడ్డ అయినా గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఏడుస్తుంటే బతికే ఉంది, నువ్వు నీ పని చూసుకో," అనేది. ఏడవని బిడ్డ దగ్గరికే ఆమె పరుగెత్తేది.

1962 ఏప్రిల్ లో లైసెన్సులిచ్చే సర్కారు ఆఫీసు నుంచి ఒక మనిషి సైకిల్ మీద వచ్చి కాగితం ఇచ్చి పోయాడు. అవ్వ అది నా దగ్గరికి తెచ్చింది. ఐదుగురికంటే ఎక్కువ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసేవాళ్ళు లైసెన్సు తీసుకోవాలి, లేకపోతే మూసేయాలి. అప్పటికి ఆమె దగ్గర పంతొమ్మిది మంది. ఆమె మూసేస్తే ఆ పంతొమ్మిది మందీ తల్లుల వెంట చెరకు తోటలోకి పోవాలి, లేదా ఇళ్ళలో మంచం కోళ్ళకు కట్టేసి ఉండాలి. రెండూ మేం చూసినవే. ఆమె చోటు మొదలైందే అందుకు.

దరఖాస్తు నాలుగు పేజీలు. ప్రశ్నలు ముప్ఫై ఒకటి. ఇంగ్లీషులో నేను నింపాను. ఒక బిడ్డకు ఇరవై చదరపు అడుగులు ఉండాలని రాసి ఉంది. టేపు పట్టుకుని గది కొలిచాను. ఇరవై నాలుగు అడుగులు పొడవు, పదహారు వెడల్పు. మూడు వందల ఎనభై నాలుగు. పంతొమ్మిది మందికి మూడు వందల ఎనభై పోను నాలుగు అడుగులు మిగిలాయి.

"ఆ నాలుగు అడుగుల్లో ఎవరు?" అని అడిగింది అవ్వ.

"నువ్వే."

"చాలు. నేను ఎటూ నిలబడే ఉంటాను."

నేల దగ్గర ఆగిపోయాం. గట్టి నేల, కడగడానికి వీలైనది, సిమెంటుది అని రాసి ఉంది. ఆమెది మట్టి నేల. ఆ సంగతి తల్లులకు చెప్పాను. 1960 పెద్ద తుఫాను తర్వాత ఇళ్ళు కట్టుకున్నప్పుడు మిగిలిన సిమెంటు బస్తాలు ఒక్కో ఇంట్లో ఒకటీ అరా ఉన్నాయి. ఒక ఆదివారం పదకొండు మంది మగవాళ్ళు వచ్చి పొద్దుగూకేలోగా నేల పోశారు. నేను పుల్ల గుచ్చి మందం చూశాను. అంతటా రెండు అంగుళాలు. ఆరాక దాని మీద అరికాలు పెడితే చల్లగా జిల్లుమంది. అవ్వ వారం రోజులు దాని మీద ఎవరినీ నడవనివ్వలేదు. పిల్లల్ని పక్కింటి పెరట్లో పెట్టుకుంది.

తనిఖీ జూన్ 19న, మంగళవారం, ఉదయం తొమ్మిదికి. నేను బడికి సెలవు పెట్టి ఏడూ పదికే వెళ్ళాను. గుమ్మం ముందు బియ్యప్పిండి ముగ్గు. గడపకు పసుపు. పిల్లలు ఆ పూట పక్కింటి పెరట్లో ఉన్నారు. లోపలికి చూస్తే రెండు అంగుళాల సిమెంటు నేల మీద గోడ నుంచి గోడ దాకా ఆవుపేడ అలికి ఉంది. పచ్చిగా మెరుస్తోంది. మూలమూలనా సన్నటి ముగ్గు చుక్కలు. అంత నున్నగా అలికిన నేల నేను మళ్ళీ చూడలేదు.

"ఏం చేశావు అవ్వా?"

"అలికాను."

"సిమెంటు మీదా?"

"కొత్త నేల కదా. నువ్వే చెప్పావు."

నిజమే. నేనే చెప్పాను. రెండు నెలల కిందట శనివారం క్లాసులో మన ఆచారాల పాఠం చెబుతూ, కొత్త నేల మీద అడుగు పెట్టే ముందు ఆవుపేడతో అలికి ముగ్గు పెట్టాలనీ, ఓడల్లో ఈ దీవికి వచ్చిన మన వాళ్ళు అది వదల్లేదు కనక మనమూ వదలకూడదనీ గొంతు పెంచి చెప్పాను. పిల్లలు ఆవులించారు. వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్న అవ్వ మాత్రం విన్నది. నేల పోసిన దగ్గర్నుంచీ నేను రోజూ వచ్చి మందం కొలిచాను, కిటికీ కొలిచాను, మరుగుదొడ్డికి ఎన్ని అడుగులో నడిచి కొలిచాను. ఇది ఒక్కటి చెప్పాలని తోచలేదు. చెప్పాల్సింది నేను.

బాల్టీతో నీళ్ళు తెచ్చాను. అవ్వ అడ్డం నిలబడింది. "శుభానికి అలికింది కడుగుతావా? తనిఖీకి వచ్చే ఆమె వచ్చి పోయాక కడుగు." మేం బాల్టీ పట్టుకుని పెనుగులాడుతుండగానే కారు వచ్చింది. తనిఖీకి తొమ్మిదికి రావాల్సిన దొరసాని ఏడూ నలభైకే వచ్చింది. ఆమెకు ఆ పూట ఇంకా మూడు చోట్లు ఉన్నాయట.

తెల్లటి బూట్లు. గుమ్మంలో ముగ్గు చూసి ఆగింది. తల లోపలికి పెట్టి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాతో ఫ్రెంచిలో మాట్లాడింది. అవ్వతో ఏ భాషలోనూ మాట్లాడలేదు.

"ఇది పేడ."

"పైన మాత్రమే, మదాం. కింద సిమెంటు. రెండు అంగుళాలు. నేనే కొలిచాను." జడలోంచి పిన్ను తీసి, వంగి, గుమ్మం పక్కన జానెడు మేర గీకాను. బూడిద రంగు సిమెంటు కనిపించింది. ఆమె చూసింది. చూడలేదని నేను చెప్పను.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. నేను వచ్చినప్పుడు ఉన్న నేలనే నేను రాయాలి."

"అరగంట ఇవ్వండి. కడిగేస్తాం."

ఆమె గడియారం చూసుకుంది. గుమ్మం దాటకుండానే, చెక్క అట్ట మీద కాగితం పెట్టి ఒక వాక్యం రాసింది. కారెక్కింది.

"ఏం రాసింది?" అంది అవ్వ.

"పేడ నేల అని రాసింది."

"అవును, అలికింది పేడతోనే కదా," అంది. తర్వాత నా మొహం చూడకుండా, "బాగుందందా?" అని అడిగింది.

నలభై ఐదేళ్ళు దాటినా ఆ ప్రశ్న గుర్తొస్తే వచ్చే కోపం చల్లారలేదు. ఆ బూట్ల మీద, ఆ చేతిరుమాలు మీద, ఆ అరగంట మీద. నా శనివారం పాఠం మీద కూడా.

దరఖాస్తు తిరస్కరించినట్టు ఉత్తరం వచ్చింది. తొంభై రోజుల దాకా మళ్ళీ పెట్టుకోకూడదు. జూలై 9, సోమవారం అవ్వ తలుపు మూసింది. కోత అప్పుడే ఊపందుకుంది. నేను ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. జూలై 11, జూలై 23, ఆగస్టు 6. ఒక్కదానికీ జవాబు లేదు. తల్లులు పిల్లల్ని తోటలోకి తీసుకుపోయారు. కోసిన చెరకు ఆకుల మీద గోనె పరిచి పడుకోబెట్టేవారు. అవ్వ ఇంట్లో ఉండలేక రెండు మైళ్ళు నడిచి తోట గట్టు దాకా పోయి, అక్కడి నుంచే లెక్క పెట్టుకునేది. కావలివాడు తరిమితే వచ్చేసేది. మర్నాడు మళ్ళీ పోయేది.

ఆగస్టు 14, మంగళవారం. రెండున్నరేళ్ళ పిల్ల నిద్ర లేచి, తల్లిని వెతుక్కుంటూ చెరకు సాళ్ళలోకి దూరింది. తల్లి వంగి కోస్తోంది. వెనక నుంచి వచ్చిన పిల్ల చెయ్యి ఆమె చూడలేదు. మూడు వేళ్ళు పోయాయి, కుడిచేతివి. కొడవలి తల్లిదే. ఆ తల్లి తర్వాత ఎన్నడూ కోతకు పోలేదు. ఇంట్లో కూరగాయలు కూడా అత్తగారే తరిగేది.

ఆ రోజు అవ్వ గట్టు మీద ఉంది. ఆమెకు పంతొమ్మిది సరిగ్గానే వచ్చాయట, ఆ కేక వినపడేదాకా. ఇది నాతో ఒక్కసారే చెప్పింది.

ఆ తర్వాత తొంభై రోజుల నియమం ఏమైందో నాకు తెలియదు. వేళ్ళ సంగతి ఎక్కడెక్కడికో పోయింది, ఎవరి బల్ల మీదో ఇబ్బందిగా కూర్చుంది. సెప్టెంబరు 3, సోమవారం, మూసిన యాభై ఆరో రోజున అదే కారు వచ్చింది. దొరసానితో పాటు ఈసారి ఒక పెద్ద అధికారి కూడా ఉన్నాడు. నేల కడిగి ఉంది. దాని వైపు ఎవరూ చూడలేదు. ఒకే విషయం అడిగారు. పిల్లలు వచ్చే వేళ, పోయే వేళ, తిన్నది, జబ్బు, అన్నీ రిజిస్టరులో రాసేది ఎవరు? లైసెన్సుదారు రాయాలి, ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ.

అవ్వ బొటనవేలు చూపించింది.

అధికారి నా వైపు తిరిగాడు. "మదాం టీచరు కదా. మదాం పేరు మీద అయితే ఇవాళే ఇవ్వవచ్చు."

నేను అవ్వకు తెలుగులో చెప్పాను.

"ఇవాళేనా?"

"ఇవాళే."

"అయితే పెట్టు సంతకం. ఏం చూస్తున్నావు?"

పెట్టాను. ఆ సంతకానికి నేను సిగ్గుపడటం లేదు. యాభై ఆరు రోజుల తర్వాత ఆ పిల్లలకు తలుపు తెరుచుకుంది. సిగ్గు పడాల్సింది వేరే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఆ సాయంత్రం లైసెన్సులోని షరతులన్నీ ఆమెకు చదివి వినిపించాను. నాలుగో షరతు దగ్గర ఆపింది.

"మళ్ళీ చదువు."

"లైసెన్సుదారు పిల్లలు చేరే వేళ స్వయంగా హాజరుగా ఉండాలి."

"లైసెన్సుదారు ఎవరు?"

"నేను."

"అయితే నాలుగున్నరకి రా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మర్నాడు తెల్లవారుజామున వెళ్ళేసరికి గుమ్మంలో రెండు బాల్టీలు పెట్టి ఉంచింది. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు, బడికి పోయే ముందు మూడు గంటలు నేను అక్కడ నీళ్ళు మోశాను, పిల్లల గుడ్డలు ఉతికాను. ఆ గుమ్మం లోపల నేను పంతులమ్మను కాను. తల్లులందరూ వింటుండగా నన్ను లైసెన్సు అని పిలిచేది. "లైసెన్సూ, ఆ బాల్టీ ఇలా తే." "లైసెన్సుకి నడుం నొప్పట, ఈ పూట నువ్వు ఉతుకు." ఒక తల్లి కొత్తగా వచ్చి అది నా పేరే అనుకుని లైసెన్సక్కా అని పిలిచింది. ఆ పిలుపు ఊళ్ళో మూడేళ్ళు నిలిచింది.

1964లో ఒక రోజు గుడ్డలు పిండుతూ అంది. "నాకు రాయడం నేర్పు. నేర్చుకుంటే కాగితం నా పేరు మీద ఇస్తారు. నువ్వు పొద్దెక్కేదాకా పడుకోవచ్చు."

నేర్పాను. సిమెంటు నేల మీద బొగ్గుతో. పిల్లలు పడుకున్న వేళ, సెలవు రోజుల్లో, మోకాళ్ళ మీద కూర్చుని దిద్దేది. తప్పు వస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదటి నుంచి. రెండేళ్ళు పట్టింది. 1966 జనవరి నుంచి తన సొంత రిజిస్టరు రాయడం మొదలుపెట్టింది. నలభై ఐదేళ్ళ మనిషి, పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కో పేరుకు ఒక్కో వరస. "రాజు. ముక్కు కారుతోంది. గంజి సగం." "లక్ష్మి. కరిచింది. మళ్ళీ కరిచింది." "చిన్నోడు. ఏడవలేదు. చూడాలి." సాయంత్రం నేను వెళ్ళి అవన్నీ చదివి, ఇంగ్లీషులోకి మార్చి, ఆఫీసు రిజిస్టరులో ఎక్కించేదాన్ని. 'ఏడవలేదు, చూడాలి' అన్నదానికి నా ఇంగ్లీషులో 'నెమ్మదిగా ఉన్నాడు' అని రాసేదాన్ని. అంతకంటే నాకు చేతకాలేదు.

ఆమె రాసింది తెలుగులో. నేను నేర్పింది తెలుగే.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ నెలలోనే ఉగాది సభకు మన వాడొకడు, కొత్తగా ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్న అధికారి, ముఖ్య అతిథిగా వచ్చాడు. మాతృభాష గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. గడియారం పెట్టుకుని చూశాను. అందులో ముప్ఫై ఐదు నిమిషాలు మా దీవిలో అందరూ మాట్లాడే క్రెయోలు, ఇంగ్లీషు. అయినా నా కళ్ళు చెమర్చాయి. అవ్వ పక్కనే ఉంది. "ఇతని దగ్గరికే పోదాం," అంది.

స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఒకటో రోజున, ఏప్రిల్ 22, సోమవారం, వెళ్ళాం. అవ్వ మంచి చీర కట్టుకుంది. రిజిస్టరు పుస్తకాలు ఐదు ఒక గుడ్డలో కట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. బస్సులో నాకు పట్టుకోవడానికి ఇవ్వలేదు.

అధికారి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. అక్కా అని నన్ను, అవ్వా అని ఆమెను కూర్చోబెట్టాడు. సంగతి చెప్పాను. లైసెన్సు పేరు మార్చాలి, పని చేసేది ఆమె, ఇప్పుడు రాయడం కూడా వచ్చు. అవ్వ గుడ్డ విప్పి మొదటి పుస్తకం అతని ముందు తెరిచింది. అతను రెండు పేజీలు తిప్పాడు.

"ఇది తెలుగు."

"అవును," అంది అవ్వ.

"మె, కానీ అవ్వా, ఇది ఆఫీసులో ఎవరు చదువుతారు?"

"నువ్వు."

అతను నవ్వాడు. "మాట్లాడటం కొంచెం కొంచెం వస్తుంది. చదవడం పా కపావ్, చేతకాదు."

అవ్వ పుస్తకం మూసింది. "రాయడం నాకు రాదని ఆ దొరసాని ఇవ్వలేదు. నేర్చుకుని రాశాను. చదవడం నీకు రాదని ఇప్పుడు నువ్వు ఇవ్వవు. నీ చదువు కూడా నేనే చదవాలా?"

పక్క బల్ల దగ్గర టైపు కొట్టేవాడు చేతులు ఆపాడు. అధికారి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. "నియమం అలా ఉంది అవ్వా. ఇంగ్లీషు, లేకపోతే ఫ్రెంచి."

"నియమం మార్చు. కుర్చీ ఇప్పుడు నీదే కదా," అన్నాను నేను.

"కొత్తవి వచ్చేదాకా పాతవే నడుస్తాయి అక్కా."

"నిన్ను చూసింది ఎవరు, మీ అమ్మ చెరకులోకి పోయినప్పుడు?" అంది అవ్వ.

"మా నాయనమ్మ."

"ఆమెకి ఇంగ్లీషు వచ్చా?"

అతను టీ తెప్పించాడు. అవ్వ ముట్టుకోలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే తీసుకుని, గుడ్డలో పెట్టి, కట్టుకుంది. నేను ఆ అధికారి మీద ఎంత కోపంతో బయటికి వచ్చానంటే మెట్ల దగ్గర గొడుగు మరిచిపోయి మళ్ళీ లోపలికి పోలేదు.

బస్సులో అన్నాను. "వచ్చే సోమవారం నుంచి ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెడదాం. తెలుగు నేర్చుకున్నదానివి, ఆరు నెలల్లో వచ్చేస్తుంది."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక నా వైపు తిరిగింది. "నాలుగేళ్ళ కిందట ఈ మాట ఎందుకనలేదు?"

లైసెన్సులో ఇంగ్లీషు, ఫ్రెంచి అని రాసి ఉండటం నాకు తెలుసు. నేనే ఆమెకు చదివి వినిపించాను. అయినా బొగ్గు పట్టిన రోజున ఆమెకు తెలుగే దిద్దించాను. నా క్లాసు పిల్లలు రెండేళ్ళయినా రెండు వాక్యాలు రాయరు. ఒక్కరైనా, ఒక్క పెద్దామె అయినా, నా చేతుల మీదుగా తెలుగు రాస్తే చూడాలనిపించింది. ఎలాగూ ముందు ఏదో ఒకటి నేర్చుకోవాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

"నువ్వు నీకు ఇష్టమైంది నేర్పావు," అంది అవ్వ. "నాకు ఏది కావాలో అడగలేదు."

అధికారి మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. దొరసాని మీదా ఉంది. కానీ వాళ్ళు ఆమెను ఎరగరు. నేను ఎరుగుదును.

ఇంగ్లీషు నేర్చుకోనంది. నేను మళ్ళీ రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ బాల్టీ చూపించింది. బస్సులో నన్నన్న ఆ మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. ఆఫీసుకు పోయొచ్చిన మర్నాడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళితే, "లైసెన్సుకి నిద్ర ఎక్కువైంది," అని తల్లులకు చెప్పింది, అంతే. తన పుస్తకం తాను తెలుగులో రాస్తూనే పోయింది. నేను నా పుస్తకం ఇంగ్లీషులో రాస్తూనే పోయాను.

1973 డిసెంబరుకు ఆమె మోకాళ్ళు ఇక లేవనన్నాయి. జనవరిలో లైసెన్సు తిరిగి ఇచ్చేయడానికి నేనొక్కదాన్నే ఆఫీసుకు వెళ్ళాను. మూడు నెలలకొకసారి మా రిజిస్టరుకు నకలు తీసి, కట్ట కట్టి, అక్కడ ఇచ్చిరావడం నియమం. 1962లో ఒకటి, ఆ తర్వాత పదకొండేళ్ళు ఏడాదికి నాలుగు. నలభై ఐదు కట్టలు. ఫైలు మూసేస్తున్నాం కనక ఇవి తీసుకుపొమ్మని గుమాస్తా వాటిని నా ముందు పడేశాడు. రెండు గోనెల నిండా వచ్చాయి.

పిండి బస్తా దారంతో రెండు చుట్లు చుట్టి, రెండు ముళ్ళు వేసి, చివర లోపలికి దోపడం నా అలవాటు. ఇంకెవరూ అలా కట్టరు. ఆ కట్టలన్నీ నేను కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాను. నలభై ఐదూ. ఒక్క ముడి విప్పలేదు.

గోనెలు తీసుకుని తిన్నగా అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెప్పాను. ఆమె ఒక కట్ట అందుకుని, ముడి విప్పి, నా ఇంగ్లీషు అక్షరాలు పేజీ తర్వాత పేజీ తిప్పింది. వరసలు ఎంత తిన్నగా ఉన్నాయో వేలితో చూసింది.

"ఎవరు చదవాలని రాశావు?"

"వాళ్ళు."

"చదవలేదు."

"లేదు."

కాగితాలు మళ్ళీ కట్టగా పెట్టి నా ఒళ్ళో వేసింది. "నేను రాసింది నువ్వు రోజూ సాయంత్రం వచ్చి చదివావు," అంది. "నువ్వు రాసింది ఎవరూ చదవలేదు. పాపం, జాలిపడాల్సింది నిన్ను చూసే, పంతులమ్మా."